మూడో సీసా లెక్క

దుబాయ్ డ్యూటీ ఫ్రీలో లీటరు సీసాలు రెండు కొంటే మొత్తం 2 లీటర్లు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో 750 మిల్లీలీటర్ల సీసాలు మూడు కొంటే 2.25 లీటర్లు. లండన్ దుకాణాల్లో దొరికే 700 మిల్లీలీటర్ల సీసాలు మూడైతే 2.1 లీటర్లు. విదేశం నుంచి వచ్చే ప్రయాణికుడు సుంకం కట్టకుండా వెంట తెచ్చుకోగలిగిన మద్యం 2 లీటర్లేనని భారత బ్యాగేజీ నిబంధనలు చెబుతున్నాయి. దుబాయ్‌లో కొన్న మనిషి నిశ్చింతగా గ్రీన్ ఛానెల్ దాటి బయటికి రావచ్చు. డాలస్ నుంచి వచ్చినాయన పావు లీటరు ఎక్కువైనందుకు, లండన్ నుంచి వచ్చినావిడ 100 మిల్లీలీటర్లు ఎక్కువైనందుకు రెడ్ ఛానెల్‌కు వెళ్లి ఆ సంగతి చెప్పాలి. చెప్పకుండా గ్రీన్ ఛానెల్లో నడిస్తే, సుంకం పడే వస్తువు తన దగ్గర ఏదీ లేదని ప్రకటించినట్టే లెక్క. తర్వాత ఎక్స్‌రేలో మూడో సీసా కనబడితే, తెలియక చేశానన్న మాట వినాలా వద్దా అన్నది ఎదురుగా ఉన్న అధికారి చేతిలో ఉంటుంది.

ఈ లెక్క ఎంతమందికి తెలుసు? సెలవులకు సింగపూర్, బ్యాంకాక్ వెళ్లొచ్చే కుటుంబాలకు కొంత తెలుసు. అమెరికా పిల్లల దగ్గర ఆరు నెలలుండి వచ్చే తల్లిదండ్రులకు అంతగా తెలియదు. గల్ఫ్ నుంచి రెండేళ్లకోసారి సెలవు మీద వచ్చే కార్మికుడికి దాన్ని అతని భాషలో విడమరిచి చెప్పేవారు చాలా తక్కువ. శంషాబాద్‌లో అర్ధరాత్రి దాటాక దిగే విమానాల్లో జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల బస్సులు పట్టుకోవాల్సినవాళ్లుంటారు. రాయచోటికీ కోనసీమకూ వెళ్లాల్సినవాళ్లుంటారు. ఇంటికెళ్లాలన్న తొందరలో, ఇంగ్లిష్‌లోనో హిందీలోనో రాసిన నాలుగు వరుసల నిబంధనను అప్పటికప్పుడు చదివి అర్థం చేసుకోవాలని వాళ్లను అడగడం న్యాయం కాదు.

సీసా ఎందుకు తెస్తారన్నది కూడా చూడాలి. తెచ్చేవాళ్లంతా తాగేవాళ్లు కారు. సౌదీ అరేబియాలో సాధారణ కార్మికుడికి మద్యం దొరకదు, కువైట్‌లో 1960ల నుంచీ నిషేధమే. అక్కడ ఎడారి ఎండలో ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి సెలవు మీద బయల్దేరేనాటికి ఊళ్లో స్నేహితులు ఫోన్లు మొదలుపెడతారు. "అన్నా, ఫారిన్ బాటిల్ తెస్తున్నవా?" అన్న మాట ఒకరిద్దరితో ఆగదు. మేనమామకొకటి, బావకొకటి, పెళ్లి సంబంధం చూసిపెట్టిన పెద్దమనిషికొకటి. అత్తరు, ఖర్జూరం, చాక్లెట్లతోపాటు ఆ సీసా కూడా పరదేశంలో బాగానే ఉన్నానని ఊరికి చెప్పుకునే కానుక అయిపోయింది. విమానం ఎక్కినచోట దొరక్కపోతే హైదరాబాద్‌లో దిగాక కన్వేయర్ బెల్టుకు దగ్గర్లోని డ్యూటీ ఫ్రీ దుకాణంలో కొంటాడు. అక్కడ కొన్నదీ, దారిలో దుబాయ్‌లో కొన్నదీ కలిపి ఒకటే 2 లీటర్లు. రాక ద్వారం దగ్గర కొన్నదానికి వేరే లెక్క ఉంటుందనుకుని ఇబ్బందిపడేవాళ్లు ఉన్నారు.

డ్యూటీ ఫ్రీ అనే ఏర్పాటు పుట్టి ఎంతో కాలం కాలేదు. 1947లో ఐర్లండ్‌లోని షానన్ విమానాశ్రయంలో మొదలైంది. అట్లాంటిక్ దాటే విమానాలు ఇంధనం కోసం ఆగే చోటది. ప్రయాణికులు దేశంలోకి అడుగుపెట్టకుండానే కాసేపు గడిపి వెళ్లిపోతారు కనుక, వాళ్లు కొనే వస్తువు మీద దేశీయ పన్ను ఎందుకన్న ఆలోచన అక్కడ చట్టమైంది. దుబాయ్ డ్యూటీ ఫ్రీ 1983 డిసెంబరులో తెరుచుకుంది. గల్ఫ్ వలసలతో తెలుగు పల్లెలకూ ఆ దుకాణం సంచీ పరిచయమైంది.

అమ్మేచోట సుంకం లేదన్న మాటకు దిగేచోట హద్దుంటుందని ఆ సంచీ మీద రాసి ఉండదు. ఆ హద్దు దేశానికోరకం. అమెరికాలో 21 ఏళ్లు నిండినవారికి సుంకం లేకుండా 1 లీటరు. ఆస్ట్రేలియాలో 2.25 లీటర్లు, అంటే మూడు 750 సీసాలు సరిగ్గా సరిపోతాయి. కెనడాలో 1.14 లీటర్ల మద్యం, లేదంటే 1.5 లీటర్ల వైన్, లేదంటే దాదాపు 8.5 లీటర్ల బీరు. బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి విడిపోయాక 4 లీటర్ల స్పిరిట్లు, 18 లీటర్ల వైన్, 42 లీటర్ల బీరు తెచ్చుకోనిస్తోంది.

కెనడా, బ్రిటన్ లెక్కల్లో ఉన్న ఒక వివేకం భారత నిబంధనలో కనబడదు. విస్కీకి ఒక కొలత, వైన్‌కు ఒకటి, బీరుకు ఇంకొకటి అన్నది సహజమైన పద్ధతి. ఇక్కడ మాత్రం విస్కీ అయినా, వైన్ అయినా, బీరైనా కలిపి 2 లీటర్లే. 330 మిల్లీలీటర్ల బీరు డబ్బాలు ఆరు తెస్తే 1.98 లీటర్లు, ఆ ప్రయాణికుడి కోటా దాదాపు అక్కడితో సరి. 40 శాతం ఆల్కహాలున్న సీసాకూ 5 శాతమున్న డబ్బాకూ ఒకే తూకం వేస్తే, అరుదుగా తెచ్చుకునే మనిషి ఘాటైనదాన్నే ఎంచుకుంటాడు. ప్రజారోగ్యం కోణంలో చూసినా ఇది తలకిందులైన నిబంధన. రకాన్నిబట్టి కొలత పెడితే ఖజానాకు పెద్దగా పోయేదేమీ ఉండదు.

ఇంకో మెలిక విలువది. 2 లీటర్లలోపే అయినా, ఆ సీసాల ధర ప్రయాణికుడి సాధారణ ఉచిత పరిమితిలో కలుస్తుంది. 2016 నిబంధనల్లో 50,000 రూపాయలుగా ఉన్న ఆ పరిమితిని తర్వాత 75,000 చేశారు. ఖరీదైన సింగిల్ మాల్ట్ ఒక్కటి తెచ్చి, దానితోపాటు ఫోను, గడియారం, బట్టలు తెస్తే పరిమాణంలో తప్పు లేకపోయినా విలువలో దాటిపోవచ్చు. పరిమాణం దాటిన మద్యానికైతే సామాన్లలోని మిగతా వస్తువులకిచ్చే రాయితీ రేటు వర్తించదు. సీసా కొన్న ధర కంటే దాని మీద సుంకమే ఎక్కువవుతుంది. ఇష్టంగా తెచ్చిన మూడో సీసాకు అంత కట్టాలని కౌంటరు దగ్గర తెలిసినప్పుడు సగటు మనిషి దాన్ని అక్కడే వదిలేసి వెళ్తాడు.

అంత సుంకం ఎందుకంటే, దేశంలోకి వ్యాపారానికొచ్చే విదేశీ మద్యం మీద చాలాకాలం 150 శాతం పడింది. 2021 బడ్జెట్లో దాన్ని 50 శాతం మూల సుంకంగా, 100 శాతం వ్యవసాయ మౌలిక వసతుల సెస్సుగా విడగొట్టారు తప్ప మొత్తం తగ్గలేదు. 2025 ఫిబ్రవరిలో అమెరికా బోర్బన్ విస్కీకి 100 శాతానికి దించారు. 2025 జులైలో బ్రిటన్‌తో సంతకమైన వాణిజ్య ఒప్పందం ప్రకారం స్కాచ్ మీద సుంకం 75 శాతానికి, ఆపై పదేళ్లలో 40 శాతానికి తగ్గాలి. ఓడలో కంటైనర్లకొద్దీ వచ్చే సరుకు మీద ప్రభుత్వం ఇంత పట్టువిడుపు చూపిస్తున్నప్పుడు, చేతిసంచిలో వచ్చే పావు లీటరు విషయంలో తేలికైన దారి ఒకటి చూపమనడం అత్యాశ కాదు.

ఆ దారి రెడ్ ఛానెలే కావాలి. చట్టంలో అది ఇప్పటికే ఉంది. 1962 కస్టమ్స్ చట్టంలోని 77వ సెక్షన్ ప్రకారం తన సామాన్లలో ఏముందో ప్రయాణికుడే ప్రకటించాలి. 80వ సెక్షన్ ఇంకా ఉపయోగకరమైనది. నిజం చెప్పి ప్రకటించిన వస్తువును కస్టమ్స్ దగ్గర ఉంచి, దేశం విడిచి వెళ్లేటప్పుడు తిరిగి తీసుకోవచ్చు. నెలరోజుల సెలవు మీద వచ్చిన ప్రవాసి మూడో సీసాకు సుంకం కట్టడం ఇష్టంలేకపోతే అలా అప్పగించి రసీదు తీసుకోవచ్చు. సౌదీకో కువైట్‌కో తిరిగి వెళ్లే కార్మికుడికి ఈ సౌకర్యం అక్కరకు రాదు. అక్కడికి సీసా తీసుకెళ్తే ఉద్యోగమే కాదు, స్వేచ్ఛ కూడా పోతుంది. సింగపూర్, అమెరికా, బ్రిటన్ వెళ్లేవాళ్లకు మాత్రం పనికొచ్చే ఈ హక్కు గురించి రాక హాలులో పెద్ద అక్షరాలతో రాసిపెట్టాలి.

ఆచరణలో రెడ్ ఛానెల్ అంటే ప్రయాణికుడికి భయం. తన కాళ్లతో తానే వెళ్లి, నా దగ్గర ఎక్కువుంది అని చెప్పినవాణ్ణి పక్కన నిలబెట్టి, పెట్టెలన్నీ విప్పించి, విలువ ఎంతో తేల్చడానికి గంటసేపు కూర్చోబెడితే, మరోసారి అతను అటువైపు చూడడు. అతని వెనకే చెప్పకుండా దాటిపోయినవాడు ఆ గంటలో ఇంటిదారి సగం పూర్తిచేస్తాడు. నిజం చెప్పినవాడికి ఆలస్యం, చెప్పనివాడికి సౌలభ్యం ఉన్న వ్యవస్థ నిజాయతీని పెంచలేదు. మద్యం విషయంలో ఇది సరిచేయడానికి పెద్ద యంత్రాంగం అక్కర్లేదు. లీటరుకు ఎంత రేటు పడుతుందో రాసిన బోర్డు, ఆ రేటుకు ఉదాహరణగా ఒక లెక్క, కార్డుతోనో యూపీఐతోనో కట్టించుకునే ఒక కౌంటరు, అచ్చయిన రసీదు చాలు. ముందే ఫోన్లో డిక్లరేషన్ నింపుకునేందుకు కేంద్రం 2019లో 'అతిథి' అనే యాప్ తెచ్చింది. అది తెలుగులోనూ సాఫీగా పనిచేసి, నింపినవాళ్లకు వేరే వరుస ఉంటే జనం వాడతారు.

కస్టమ్స్ కంటే ముందే భద్రతా తనిఖీల దగ్గర సీసా పోగొట్టుకునేవాళ్లది ఇంకో బాధ. 2006 ఆగస్టులో బ్రిటన్ పోలీసులు ఒక కుట్రను ఛేదించారు. కూల్‌డ్రింక్ సీసాల్లో ద్రవ పేలుడు పదార్థాలు దాచి, అట్లాంటిక్ మీద ఎగిరే విమానాలను పేల్చాలన్నది ఆ పథకం. ఆ తర్వాతే చేతిసంచిలో ద్రవం 100 మిల్లీలీటర్లకు మించిన డబ్బాలో ఉండకూడదన్న నియమం ప్రపంచమంతా వచ్చింది. నెయ్యి డబ్బాను అక్కడే వదిలేసి వచ్చిన తెలుగు తల్లులకు ఈ నియమం బాగా గుర్తు. డ్యూటీ ఫ్రీ దుకాణంలో కొన్న సీసాకు మినహాయింపు ఉంది. దుకాణంవాళ్లు దాన్ని పారదర్శకమైన సీలు సంచిలో, రసీదు బయటికి కనబడేలా పెట్టి అతికిస్తారు. మధ్యలో విమానం మారినా, ఆ సీలు తెరవనంతవరకే దానికి విలువ. దారిలో సంచీ విప్పి చూసుకుంటే, తర్వాతి తనిఖీలో అది మామూలు సీసాయే.

అసలు చిక్కు ఢిల్లీ, ముంబయిల్లో వస్తుంది. విజయవాడ, రాజమహేంద్రవరం, తిరుపతి వెళ్లాల్సిన ప్రయాణికుల్లో చాలామంది ఈ మహానగరాల్లో దిగి దేశీయ విమానం పట్టుకుంటారు. సాధారణంగా కస్టమ్స్ తనిఖీ దేశంలో మొదట దిగినచోటే. అక్కడ పెట్టె తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ పెట్టె అప్పగించి, దేశీయ విమానానికి మరోసారి భద్రతా తనిఖీకి వెళ్లాలి. సీలు సంచిలోని సీసాను చేతిలో పట్టుకుని అక్కడికి వెళ్తే ఆపేసే అవకాశం ఎక్కువ. బెల్టు మీద పెట్టె రాగానే సీసాను టవల్లోనో లుంగీలోనో చుట్టి పెట్టెలో సర్దేయడం తెలిసినవాళ్ల పద్ధతి. తెలియనివాడు విజయవాడ విమానానికి వరుసలో నిలబడ్డాక తెలుసుకుంటాడు, అప్పటికి పెట్టె వెళ్లిపోయి ఉంటుంది. మొదట దిగిన చోట ట్రాన్స్‌ఫర్ కౌంటరు సిబ్బంది పెట్టె తీసుకునేటప్పుడు "చేతిలో మద్యం సీసా ఉందా?" అని ఒక్క ప్రశ్న అడిగితే ఎంతోమందికి ఆ నష్టం తప్పుతుంది.

పెట్టెలో పెట్టే మద్యానికీ పరిమితులున్నాయి. అంతర్జాతీయ నియమాల ప్రకారం 24 శాతం దాటి 70 శాతం వరకు ఆల్కహాలున్నది, సీలు తీయని దుకాణం సీసాల్లో, మనిషికి 5 లీటర్ల వరకు. 70 శాతం దాటినదాన్ని విమానంలో అసలు తీసుకెళ్లకూడదు. కొన్ని ఘాటైన రమ్ములు ఈ నియమం కిందికే వస్తాయి. విమానయాన సంస్థ 5 లీటర్లు ఒప్పుకుందంటే కస్టమ్స్ కూడా ఒప్పుకున్నట్టేనని కొందరు అనుకుంటారు. మొదటిది మంటల భయంతో పెట్టిన హద్దు, రెండోది పన్ను కోసం పెట్టిన హద్దు.

ఈ రెండు గేట్లూ దాటాక మూడోది రాష్ట్రం. మద్యం మీద అధికారం రాజ్యాంగం రాష్ట్రాలకిచ్చింది, జీఎస్టీలో కూడా అది చేరలేదు. అందువల్ల ఒక విచిత్రం ఏర్పడింది. సముద్రాలు దాటి దుబాయ్ నుంచి వచ్చిన రెండు లీటర్లకు కస్టమ్స్ దారి ఇస్తుంది. గోవాలో సెలవులు గడిపి తెచ్చిన సీసా మాత్రం శంషాబాద్‌లో కేసు కావచ్చు. గోవాలో కట్టిన పన్ను గోవాకే చెందుతుంది; తెలంగాణ లెక్కలో అది సుంకం చెల్లించని మద్యం. గోవా విమానాల్లో వచ్చినవారి దగ్గర తెలంగాణ ఎక్సైజ్ అధికారులు సీసాలు పట్టుకున్న ఘటనలు వార్తల్లో వచ్చాయి. అటు ఆంధ్రప్రదేశ్‌లో 2020 సెప్టెంబరులో హైకోర్టు ఇతర రాష్ట్రాల నుంచి మూడు సీసాల వరకు తెచ్చుకోవచ్చని చెప్పింది. కొద్ది వారాల్లోనే ప్రభుత్వం నిబంధన మార్చి, పర్మిట్ లేకుండా తేవడానికి వీల్లేదంది. ఆ రోజుల్లో హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే దారిలో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర కార్ల డిక్కీలు తెరిపించడం రోజువారీ దృశ్యం. కేంద్రం లీటర్లలో లెక్కపెడితే రాష్ట్రం సీసాల్లో లెక్కపెడుతుంది. విదేశం నుంచి తెచ్చిన సీసాకు డ్యూటీ ఫ్రీ రసీదు, బోర్డింగ్ పాస్ ఇల్లు చేరేదాకా దగ్గరుంచుకోవడమే ప్రయాణికుడికి ఆధారం. రాక హాలులో కస్టమ్స్ బోర్డు పక్కనే రెండు రాష్ట్రాల ఎక్సైజ్ నిబంధనల బోర్డు కూడా ఉండాలన్నది అందుకే.

మద్యం మీద హద్దులు ఉండకూడదని ఎవరూ అనరు, తెలుగు నేల మీదైతే అసలే అనలేరు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి రోశమ్మలాంటి ఆడవాళ్లు సారా మీద లేచిన పోరాటం 1993లో సారా నిషేధానికి, 1995 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వ సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది. 1997లో ఆ నిషేధాన్ని సడలించినా, ఇంటి సొమ్ము సీసాకు పోకూడదన్న ఆ ఆడవాళ్ల మాటలోని న్యాయం చెక్కుచెదరలేదు. కల్తీ మద్యం ఏం చేస్తుందో 2025 ఆగస్టులో కువైట్ చూపించింది. దొంగచాటు సారాలో మిథనాల్ కలిసి 23 మంది చనిపోయారు, మరెంతోమంది ఆసుపత్రుల పాలయ్యారు. బాధితులు ఆసియా దేశాల వలస కార్మికులే. హద్దు ఉండాలి, ఆ హద్దు ఎక్కడుందో అందరికీ కనబడాలి.

హద్దు కనబడనిచోట మోసగాళ్లు పనిచేస్తారు. గల్ఫ్ విమానాశ్రయాల్లో ముక్కూముఖం తెలియనివాడొచ్చి, నీ కోటా ఖాళీగానే ఉంది కదా, ఈ రెండు సీసాలు పట్టుకెళ్లు, బయట మావాడు తీసుకుంటాడు అని అడగడం కొత్త కాదు. ఆ సంచిలో సీసాలతోపాటు ఇంకేముందో మోసేవాడికి తెలియదు, పట్టుబడితే పాస్‌పోర్టు అతనిదే. తిరువనంతపురంలో ప్రయాణికుల పాస్‌పోర్టు వివరాలు వాడి, వాళ్లకు తెలియకుండానే డ్యూటీ ఫ్రీ మద్యాన్ని బయటికి తరలించారన్న కేసు 2017లో బయటపడింది. ప్రయాణికుడి పేరుమీద ఎన్ని సీసాలు అమ్ముడయ్యాయో అతని ఫోనుకు సందేశం పంపే ఏర్పాటు ఉంటే ఇలాంటివి అక్కడే ఆగుతాయి. బ్యాంకు ఖాతాలోంచి వంద రూపాయలు పోతేనే సందేశం వస్తున్న రోజుల్లో ఇది కష్టమైన పని కాదు.

రద్దీ పెరుగుతున్న శంషాబాద్‌లో పాత హాలును మార్చడం కష్టమని అధికారులు అనవచ్చు. గన్నవరంలో అంతర్జాతీయ సర్వీసులు ఇప్పటికీ కొద్దిపాటివే, భోగాపురంలో కట్టినదంతా కొత్తది. ఆ రెండుచోట్లా రెడ్ ఛానెల్ కౌంటరును పెట్టెల బెల్టుకు ఎదురుగా, గ్రీన్ ఛానెల్‌కు ముందే కనబడేలా పెట్టవచ్చు. దాని మీద మొదటి వరుస తెలుగులో రాయవచ్చు: 2 లీటర్ల వరకు సుంకం లేదు, అన్ని రకాలూ కలిపి, 750 సీసాలు మూడైతే ఇక్కడికి రండి, ఇంత కట్టి తీసుకెళ్లండి, లేదా ఇక్కడ ఉంచి తిరిగి వెళ్లేటప్పుడు తీసుకోండి. గల్ఫ్ నుంచి వచ్చే విమానం దిగే వేళకు ఆ కౌంటరులో తెలుగు మాట్లాడే ఒక ఉద్యోగిని కూర్చోబెడితే, మొదటి నెలలోనే ఎంతమంది తమంతట తాము వచ్చి చెబుతున్నారో కస్టమ్స్ శాఖ లెక్క తీసి ప్రకటించవచ్చు.